మడచెట్టులో రెండో సగం

మంచినీళ్ళ పడవ ఆగిపోయిన రోజు తిల్లమొగలో ఎవరూ ఏడవలేదు. పైగా చప్పట్లు కొట్టారు.

కొట్టించింది పోలేశ్వరే. పందిరి కింద వేసిన వేదిక మీద, తను పనిచేసే పరిశోధన సంస్థ డైరెక్టరు కేశవమూర్తి గారి పక్కన నిలబడి, మైకు అందుకుని, "ఇంక మన ఊరు నీళ్ళ కోసం ఎవరి మొహం వంకా చూడక్కర్లేదు" అంది. ఈలలు, కేకలు, చప్పట్లు. ఆ ఊళ్ళో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనిషి ఆమె. పేరుకి ముందు డాక్టరని ఉంది కదా అని మొదట్లో ఊరివాళ్ళు జ్వరాలకి, నడుం నొప్పులకి ఆమె దగ్గరికే వచ్చేవారు. "నేను సూదిమందు డాక్టర్ని కాదు, చెట్ల డాక్టర్ని" అంటే, "చెట్లకి జబ్బులేటే పిచ్చిదానా" అని నవ్వేవారు. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. చెట్ల డాక్టరు ఊరికి దాహం తీర్చింది.

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట, మడ అడవి అంచున ఉంది తిల్లమొగ. చుట్టూ కనుచూపు మేర నీళ్ళే. ఏట్లో ఉప్పు, బావిలో ఉప్పు, బోరు వేస్తే అంతకంటే ఉప్పు. పైనుంచి ప్రభుత్వం వారి పడవ ప్లాస్టిక్ పీపాలతో మంచినీళ్ళు తెచ్చేది. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. వచ్చిన రోజు రేవులో బిందెలు బిందెలకి తగిలి మోగేవి, ఆడవాళ్ళ కొప్పులు ఊడేవి. అందుకే ఆ ఊళ్ళో నీళ్ళకో మర్యాద ఏర్పడింది. ఇంటికొచ్చిన మనిషికి అంచుదాకా నింపిన చెంబు ఇవ్వాలి. పుచ్చుకున్న మనిషి చుక్క మిగల్చకుండా తాగాలి. మిగిల్చి కింద పెట్టాడా, ఇచ్చినవాళ్ళని చెంపమీద కొట్టినట్టే. పిల్లలు అన్నం వదిలేస్తే చూసీ చూడనట్టు ఊరుకునే తల్లులు, గ్లాసులో గుక్కెడు నీళ్ళు వదిలేస్తే మాత్రం వీపు చీరేసేవారు.

పోలేశ్వరి చిన్నప్పుడు నల్లమడ ఆకు నాకేది. ఆకు మీద పంచదార పలుకుల్లా ఉప్పు తేలి ఉండేది. పిల్లలందరికీ అదో ఆట. ఆమెకి మాత్రం ఆట దగ్గర ఆగలేదు. ఈ చెట్టు తాగేదీ మన ఏటి నీళ్ళే కదా, మనం తాగితే కడుపు తిప్పేస్తుంది, ఇదెలా ఇంత పచ్చగా ఉంది? ఆ ప్రశ్నే ఆమెని హైస్కూలు దాటించింది, కాలేజీ దాటించింది, చివరికి పట్నంలో ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది.

చెట్టు చేసేది గొప్ప ఉపాయం. వచ్చిన ఉప్పులో కొంత ఆకు మీదికి నెట్టేస్తుంది. కొంత ప్రతి కణంలోనూ వెనక గది లాంటి చోట పెట్టి తలుపేస్తుంది. బయట ఉప్పు కణంలోని నీటిని లాగేసుకోవాలని చూస్తుంది కాబట్టి, ఆ నీటిని గట్టిగా పట్టుకు కూర్చునే పదార్థాలు కొన్నిటిని సొంతంగా తయారుచేసుకుని కణమంతా నింపుకుంటుంది. అవి ఎంత పేరుకున్నా ప్రాణానికి హాని చెయ్యవు. కాపలావాళ్ళలాంటివి. పోలేశ్వరి బృందం చేసిన మాత్ర ఆ విద్యని మనిషి కణాలకి నేర్పుతుంది. నెత్తుటి కణాలని ఉప్పునీటి బొట్టులో వేస్తే ఎండు రేగుపళ్ళలా ముడుచుకుపోతాయి. మాత్ర పనిచేసిన కణాలు అదే బొట్టులో నిండుగా, గుండ్రంగా, ఏమీ జరగనట్టు తేలాయి. కేశవమూర్తి గారు కంటద్దాలు నుదుటి మీదికి తోసుకుని చాలాసేపు చూసి, బల్ల గుద్ది, "అమ్మాయ్, చరిత్ర!" అన్నారు. మాత్ర హక్కులు కొన్న కంపెనీ వాళ్ళు దానికి 'లవణమిత్ర' అని పేరు పెట్టారు.

"సార్, వీటిని మంచినీళ్ళలో కూడా వేసి చూడాలి కదా?" అని అప్పుడే అడిగింది పోలేశ్వరి.

"మంచినీళ్ళు ఉన్నవాడికి ఈ మాత్రెందుకమ్మా? లేనివాడికోసం కదా చేసింది. లేని నీళ్ళలో పరీక్షేమిటి?"

గదిలో అందరూ నవ్వారు. మాట బాగానే కుదిరింది మరి. పోలేశ్వరి కూడా నవ్వింది. పెద్దాయన, ఫీజు కట్టలేని రోజుల్లో చేరదీసిన మనిషి. ఆయన మాటకి ఎదురు చెప్పడం ఆమెకి ఇంకా అలవాటు కాలేదు.

ఎక్కడ వాడి చూడాలన్న ప్రశ్నే రాలేదు. తిల్లమొగలో అందరూ మాత్ర వేసుకున్నారు, పోలేశ్వరి చెప్పింది కాబట్టి వేసుకున్నారు. ప్రయోగం నడిచినన్నాళ్ళూ పడవ నీళ్ళు ముట్టకుండా, ఏటి నీళ్ళే కాచి, చల్లార్చి, తాగారు. వాంతులు లేవు, వాపుల్లేవు. పోలేశ్వరి వాళ్ళమ్మ ఆదెమ్మ మొదటి చెంబు తాగి మూతి తుడుచుకుని, "రొయ్యల బుట్ట కడిగిన నీళ్ళలా ఉన్నాయే. అయినా దాహం తీరింది సూడు, అదే ఇచిత్రం" అంది. ఏడాది గడిచేసరికి ప్రయోగం నెగ్గిందని తేలింది. నెగ్గింది కాబట్టి మీటింగు పెట్టారు. మీటింగులోనే పడవ ఆపేస్తున్నట్టు ప్రకటించారు. ఉప్పునీళ్ళు తాగగలిగినవాళ్ళకి మంచినీళ్ళ ఖర్చు దండగని ఒక అధికారి లెక్క చూపించాడు. అది కూడా మెచ్చుకోలు లాగే వినిపించింది. చప్పట్లు కొట్టేశారు.

*

పోలేశ్వరి చెల్లెలు గంగరత్నం ఆ వేసవిలో స్నేహితురాలి పెళ్ళికని కాలవలున్న పై ఊరికి వెళ్ళింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆటో దిగగానే పెళ్ళివారి మనిషి చెంబు చేతికిచ్చాడు. కాలవ నీళ్ళు, కుండలో చల్లబెట్టినవి. ఏడాది పైచిలుకు తర్వాత గంగ నాలిక మీద మంచినీళ్ళు పడ్డాయి. ఎత్తిన చెంబు దించకుండా తాగేసింది. పక్కింటివాళ్ళు ఇంకో చెంబిచ్చారు. మిగిల్చితే ఏమనుకుంటారో! అదీ తాగింది. పెళ్ళికూతురి అమ్మమ్మ మజ్జిగ ఇచ్చింది, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు నిమ్మకాయ నీళ్ళిచ్చారు. వడ్డించేవాళ్ళు ఖాళీ గ్లాసు కనిపిస్తే చాలు నింపుతున్నారు. నింపిన గ్లాసు కనిపిస్తే చాలు గంగ ఖాళీ చేస్తోంది. "ఈ పిల్ల కడుపులో కాలవుందేటే!" అని ఆడవాళ్ళు నవ్వుకున్నారు.

తలంబ్రాలయ్యేసరికి తలనొప్పి అంది. భోజనాల దగ్గర మాట తడబడింది. చెయ్యి కడుక్కుంటూ పడిపోయింది.

పోలేశ్వరి పట్నం నుంచి ఆసుపత్రికి చేరేసరికి గంగ మొహం గుర్తుపట్టలేనట్టు వాచి ఉంది. కళ్ళు మూతపడి, ఒళ్ళు ఉండుండి కొయ్యలా బిగుసుకుంటోంది. చేతికి సెలైను. పోలేశ్వరి సీసా మీద పేరు చదివింది. అందులో ఉప్పు లేదు. వట్టి గ్లూకోజు నీళ్ళు.

"ఆపెయ్యండి డాక్టరుగారూ. దయచేసి ముందది ఆపెయ్యండి."

కుర్ర డాక్టరు విసుక్కోలేదు. ఓపిగ్గానే చెప్పాడు. "ఈమె రక్తంలో ఉప్పు మామూలు మనిషికి ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువగా ఉందండి. పల్చబరచకపోతే బతకదు."

"ఆమె మామూలు మనిషి కాదండి! మేమే కాకుండా చేశాం!"

చెప్పింది. గుమ్మం దగ్గరే, ఊపిరాడకుండా, మాత్ర సంగతీ మడచెట్టు సంగతీ చెప్పింది. గంగ కణాలన్నీ కాపలా పదార్థాలతో కిక్కిరిసి ఉన్నాయి. చుట్టూ ఉప్పు ఉన్నంతసేపూ అటు లాగుడు, ఇటు లాగుడు సరిపోతాయి. చుట్టూ మంచినీళ్ళు చేరితే లాగేవాడు ఒక్క పక్కనే మిగులుతాడు. నీళ్ళన్నీ కణాల్లోకి దూసుకుపోతాయి. కాలు వాస్తే కట్టు కట్టొచ్చు. మెదడు వాస్తే పుర్రెలో చోటెక్కడుంది?

"మీరు సీసా ఎక్కించినకొద్దీ వాపు తగ్గిందా, పెరిగిందా? అదొక్కటి చెప్పండి."

డాక్టరు మంచం వైపు చూశాడు. మళ్ళీ ఆమె వైపు చూశాడు. నర్సుని పిలిచి, ఉన్నవాటిలో చిక్కటి ఉప్పు సెలైను తెమ్మన్నాడు.

మర్నాటికి గంగ కళ్ళు తెరిచింది. ఆదెమ్మ అప్పటికి వచ్చి మంచం పక్క కింద కూర్చుని ఉంది. ఊరు దాటితే తాగే నీళ్ళు దొరకవు కాబట్టి తనకోసం తెచ్చుకున్న ఏటినీళ్ళ డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. గంగ పెదాలు కదిపింది. పోలేశ్వరి చెవి ఆనించింది.

"అక్కా... ఆ నీళ్ళు ఎంత తియ్యగా ఉన్నాయో."

పోలేశ్వరి బయటికి వచ్చి వసారాలో గోడకేసి పిడికిలితో గుద్దింది. పక్కన వరసలో కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు. ఏడుపు రాలేదామెకి. కోపం వచ్చింది, ఒంట్లో ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత కోపం.

వెనకే ఆదెమ్మ వచ్చింది. "నువ్వేసుకున్నావేటే ఆ మాత్ర?" అంది.

"లేదమ్మా."

"ఏం? పట్నంలో పంపు తిప్పితే మంచినీళ్ళొస్తాయి కదా, నీకెందుకులే. అంతేనా?"

 ఆదెమ్మ జవాబు కోసం ఆగలేదు. డబ్బా చంకనెత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

*

ప్రయోగశాలలో ఆమె చేసిన మొదటి పని చాలా చిన్నది. మాత్ర పనిచేసిన కణాలని గాజుపలక మీద వేసి, మామూలు మనిషి నెత్తుటంత పల్చటి ఉప్పునీళ్ళు ఒక్క చుక్క వదిలింది. కణాలు ఉబ్బాయి, ఉబ్బి పగిలాయి. పలక మీద ఎర్రటి మరక తప్ప ఏమీ మిగల్లేదు. ఏడాదిన్నర కింద పూర్తి చెయ్యాల్సిన పరీక్ష. కాఫీ తాగినంతసేపు పట్టలేదు.

కేశవమూర్తి గారిని పిలిచి చూపించింది. ఆయన చూశారు. ఈసారి బల్ల గుద్దలేదు.

"సరే. పెట్టె మీద హెచ్చరిక వేయిద్దాం. ఇది వాడేవారు మంచినీళ్ళు తాగరాదు అని."

పోలేశ్వరి సరిగ్గా విన్నదో లేదో ఆమెకే అర్థం కాలేదు. "మనుషులు వేసుకునే మందు మీద, మంచినీళ్ళు తాగకూడదని రాస్తారా సార్?"

"వాళ్ళకి మంచినీళ్ళు ఎలాగూ లేవు కదమ్మా."

"మొన్నటిదాకా ఉన్నాయి సార్. అరకొరగానైనా ఉన్నాయి. మాత్ర వచ్చింది కాబట్టి ఆపేశారు. మాత్ర ఆపేద్దామంటే, కణాల్లో నిండినవి వాటంతటవి బయటికి పోవు. అంటే మంచినీళ్ళు దొరికే ఊళ్ళన్నీ వాళ్ళకి విషమేగా? పెళ్ళికి వెళ్ళకూడదు, పనికి వెళ్ళకూడదు, కాన్పు కష్టమైతే ఆసుపత్రికి వెళ్ళకూడదు!"

"నువ్వు ఆవేశపడుతున్నావు. నిజం ఆలోచించు. ఆ ఊరు దాటి వాళ్ళు ఎక్కడికి వెళ్తారు?"

 ఈసారి పోలేశ్వరి గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"నేను వెళ్ళాను సార్. మీ ఎదురుగా నిలబడి ఉన్నాను."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడయితే ఆమెకి పని తేలికయ్యేది. "కోస్తా పొడుగునా అమలు చెయ్యబోతున్నారు" అన్నారు చివరికి. "ఇప్పుడు నువ్వూ నేనూ ఆపితే ఆగే బండి కాదిది. నీ దగ్గర విరుగుడుందా? ఉంటే మాట్లాడు."

విరుగుడు లేదు. ఆ రోజుకి లేదు.

*

వర్షాకాలం వచ్చింది. పైన ఎక్కడో కురిసి గోదావరి ఎర్రబడింది. వరద ఏటిమొగలోకి దూకి సముద్రాన్ని వెనక్కి నెట్టింది. తిల్లమొగ రేవులో ఆ కొన్ని వారాలూ ఏరు ఉప్పు తగ్గి చప్పబడుతుంది. పూర్వం ఆ రోజులు పండగ. బురద తేర్చుకుని బిందెలు నింపుకునేవారు. ప్రయోగం జరిగిన నిరుడు వానల్లేక వరదే రాలేదు. ఈ ఏడు ఊరంతా భయంతో ఏరు చూస్తూ కూర్చుంది. ఆసుపత్రి సంగతి విన్నారు. ఏటి నీళ్ళలో రాళ్ళుప్పు కలుపుకుని తాగుతున్నారు! ఎదురుగా మంచినీళ్ళు పారుతుంటే, వాటిని ఉప్పు చేసుకుని తాగుతున్నారు. సెలవు పెట్టి వచ్చిన పోలేశ్వరి, పక్కింటావిడ బిందెలో గుప్పెడు ఉప్పు వేసి గరిటె తిప్పడం చూసి, అక్కడ నిలబడలేక తిన్నగా రేవుకి నడిచింది.

ఆదెమ్మ నావ గడ పుచ్చుకుంది. మడల్లోకి వెళ్ళారు. నల్లమడలు మొలలోతు ఎర్రనీళ్ళలో నిలబడి ఉన్నాయి. ఉప్పులో పుట్టి, ఉప్పులో పెరిగి, కణం కణం కాపలా నింపుకున్న చెట్లు. ఇప్పుడు చుట్టూ మంచినీళ్ళు. ఒక్క ఆకు వాడలేదు.

పోలేశ్వరి ఆకు తుంచి నాకింది. చప్పగా ఉంది.

"ఏటే, ఇంకా చిన్నపిల్లవేటి?" అంది ఆదెమ్మ.

"అమ్మా, దీనికి మంచినీళ్ళు విషం కాలేదు."

"చెట్టుకి తెలుసు, మీకు తెల్లేదు. కొయ్యి, కొయ్యి. దేనికొచ్చాం?"

వరద మొదలైన దగ్గర్నుంచి తీసేదాకా ఆకులు కోసి పట్నం తీసుకెళుతూనే ఉంది. పరీక్షించిన కొద్దీ బొమ్మ తేటపడింది. చెట్టు నింపుకోవడమే కాదు, ఖాళీ చేసుకోవడం కూడా తెలిసినది. నీటిలో ఉప్పు తగ్గుతోందని వేళ్ళకి తెలిసిన మరుక్షణం ఇంకో పదార్థాన్ని పుట్టించి ఆకులకి పంపుతుంది. అది కణాల తలుపులు ఓరగా తీస్తుంది. కాపలావాళ్ళు కొద్దికొద్దిగా బయటికి వెళ్ళిపోతారు. ఒక్కసారిగా కాదు. కుండీలో మడమొక్కని ఉప్పునీళ్ళలోంచి తీసి నేరుగా కుళాయి నీళ్ళలో పెడితే కుళ్ళింది. రోజూ కాస్త ఉప్పు తగ్గిస్తూ, మంచినీళ్ళు పెంచుతూ వెళ్తే చిగురు వేసింది.

చెట్టు దగ్గర రెండూ ఉన్నాయి. నింపే విద్య ఉంది, దించే విద్య ఉంది. తాము సగం కోసుకొచ్చి, దానికి పేరు పెట్టి, పెట్టెలో వేసి అమ్ముకున్నారు.

దించే మందు గాజుపలక మీద పనిచేసింది. ఎలకల్లో పనిచేసింది. పోలేశ్వరి తిన్నగా డైరెక్టరు గదిలోకి వెళ్ళింది. ఆయన అంతా విన్నారు. మెచ్చుకున్నారు. తర్వాత అన్నారు: "కంపెనీ దీనికి డబ్బు పెట్టదమ్మా. బతికినంతకాలం వాడాల్సిన మాత్ర ఒక పక్క, దాన్ని మాన్పించే మందు ఒక పక్క పెడితే ఏ వ్యాపారస్తుడైనా ఏది చేస్తాడు?"

"నేను వ్యాపారస్తుణ్ణి అడగట్లేదు సార్. మిమ్మల్ని అడుగుతున్నాను."

"రెండో దశలో చూద్దాం. ముందు ఈ పథకం ప్రారంభం కానీ."

"మందు ఒక్కటే కాదు సార్, దానితోపాటు మంచినీళ్ళు కావాలి. రోజూ కొలిచి పెంచుకుంటూ పోవాలి. ఆ పడవ మళ్ళీ రావాలి."

"పడవ ఆగిందన్న మాట మీదే కదమ్మా పథకం అంతా నిలబడింది!" అన్నారాయన. తను ఏమన్నారో తనకే వినపడినట్టుంది. ఫైలు తెరిచి తల దించుకున్నారు.

*

కోస్తా పథకం ప్రారంభోత్సవం తిల్లమొగలోనే పెట్టారు. నెగ్గిన ఊరు కదా మరి. పెద్దవాళ్ళు లాంచీలో దిగారు. కొత్తగా వచ్చిన జిల్లా అధికారిణి, కంపెనీ వాళ్ళు, కేశవమూర్తి గారు, టీవీల వాళ్ళు. వాళ్ళవెంట మంచినీళ్ళ సీసాల పెట్టెలు కూడా దిగాయి. అవి చూసి రేవులో ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ముందురోజు పోలేశ్వరి ఊరివాళ్ళని కూర్చోబెట్టి అంతా చెప్పింది. ఏమీ దాచలేదు. "నామీద కోపం ఉంటే తర్వాత తీర్చుకోండి, రేపు మాత్రం నాతో ఉండండి" అంది.  ముందు ఆదెమ్మే లేచింది. "గోల సెయ్యడం ఎందుకు? మన ఇంటికొత్తున్నారు. మన మర్యాద మనం సేద్దాం" అంది. ఆమె ఏమంటోందో అర్థమైనవాళ్ళకి నవ్వొచ్చింది. ఊళ్ళో చాన్నాళ్ళ తర్వాత వినిపించిన నవ్వు అది.

వేదిక మీద పెద్దలు కూర్చున్నారు. ఉపన్యాసాలకి ముందే ఆడవాళ్ళు వరసగా వచ్చారు. తళతళా తోమిన ఇత్తడి చెంబులు, అంచుదాకా నింపిన నీళ్ళు. ఒక్కొక్కరి ముందు ఒక్కో చెంబు పెట్టారు. కెమెరాలు అటు తిరిగాయి. కేశవమూర్తి గారు చెంబు అందుకుని చిరునవ్వుతో పెదాలకి ఆనించి, నవ్వు మాయమై, కింద పెట్టేశారు.

"అయ్యో, చుక్క మిగలకూడదండి బాబూ. మా ఊరి మర్యాదండి" అంది ఆదెమ్మ.

"తర్వాత తాగుతానమ్మా. మధ్యాహ్నం ఇంకో మీటింగుంది..."

"మీటింగుకీ నీళ్ళకీ ఏటండి సమ్మందం? మేం చేపల ఏటకీ ఎల్తన్నాం, ఇయ్యే తాగుతున్నాం. ఇయ్యి మీరిచ్చిన నీళ్ళేనండి! తవరు మెచ్చినయ్యే!"

కింద జనంలో నవ్వులు. కంపెనీ మనిషి చెంబు తాకనైనా తాకలేదు. చేతిలోని ప్లాస్టిక్ సీసాని మాత్రం చటుక్కున బల్ల కిందికి తోశాడు. టీవీ కెమెరా అదే చూసింది.

ఎవరూ అనుకోని పని అధికారిణి చేసింది. ఆమె చెంబు ఎత్తి పెద్ద గుక్క మింగింది. రెండో గుక్క మింగలేక కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తేరుకుని, "రోజూ ఇవేనా మీరు తాగేది?" అంది.

"చంటిబిడ్డతల్లులు కూడా ఇవేనండి" అంది ఎవరో వెనకనుంచి.

"మంచినీళ్ళ పడవ వస్తుందని చెప్పారే నాకు?"

ఆమె కేశవమూర్తి గారి వైపు తిరిగింది. అప్పుడు పోలేశ్వరి మైకు అందుకుంది. నిరుడు ఇదే చోట అందుకున్న మైకు.

"నిరుడు ఇక్కడ నిలబడి మీచేత చప్పట్లు కొట్టించాను. ఆ చప్పట్లు ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఊరికి ఉప్పునీళ్ళు తాగే విద్య నేర్పాం, సంతోషం. తుఫాను వచ్చి వారం రోజులు నీళ్ళు రానప్పుడు ప్రాణం నిలబెట్టుకోవడానికి అది గొప్ప విద్యే. కానీ మీరు దాన్ని మంచినీళ్ళు ఎగ్గొట్టడానికి వాడుకున్నారు. మా చెల్లెలు ఒక పెళ్ళిలో నాలుగు చెంబుల కాలవ నీళ్ళు తాగి చావు దాకా వెళ్ళింది. దించే మందు ఉంది. చెట్టు దగ్గరే ఉంది, మా ప్రయోగశాలలో మూల పడి ఉంది. దానికి డబ్బు రాదట. ఆ మందూ, పడవా రెండూ వచ్చేదాకా ఈ మాత్ర ఇంకో ఊరు దాటకూడదు. దాటితే, ఆ ఊరికి మీకంటే ముందు నేను వెళతాను. చెంబు పట్టుకుని వెళతాను."

గంగ జనంలోంచి లేచి వచ్చి, ఏమీ మాట్లాడకుండా అక్క పక్కన నిలబడింది. ఆమె మాట ఇంకా కొంచెం తడబడుతుంది. నిలబడడం చాలు.

*

పథకం వాయిదా పడింది. రద్దు కాలేదు, వాయిదా పడింది. దించే మందు మీద మనుషుల్లో పరీక్షకి అనుమతి వచ్చింది. ఆ రోజు టీవీలో కేశవమూర్తి గారు, "ఇది మా సంస్థ రెండో విజయం" అని చెప్పారు. పోలేశ్వరి టీవీ కట్టేసింది. ఆయన కింద పని చెయ్యనని రాసిచ్చి బయటికొచ్చింది, మందు పని మాత్రం ఇంకో చోట నుంచి వదలకుండా పట్టుకుంది.

మంచినీళ్ళ పడవ తిరిగి వచ్చిన పొద్దున రేవులో తోపులాట లేదు. అందరూ దూరంగా నిలబడి ఆ నీలం పీపాలని పామునో దేవుణ్ణో చూసినట్టు చూశారు. మందు మొదట వేసుకుంటానని గంగే ముందుకొచ్చింది. వేసుకుంది. పోలేశ్వరి ఏటినీళ్ళలో కొంచెం మంచినీళ్ళు కలిపింది. రోజూ అంచు నుంచి ఎంతవరకు తాగి ఆపాలో చెంబు లోపల మేకుతో గీత గీసింది. కొన్ని నెలల పాటు ఆ గీత కిందికి జరుగుతూ పోవాలి, ఉప్పు తగ్గుతూ రావాలి. గీత దాటితే మళ్ళీ ఆసుపత్రే.

అలవాటు కొద్దీ ఆదెమ్మ చెంబుని అంచుదాకా నింపేసింది.

గంగ ఎత్తింది. ఒక గుక్క, ఇంకో గుక్క. నాలిక మీద ఎక్కడో ఆ తీపి తగిలినట్టుంది, కళ్ళు మూసుకుంది. గొంతు ఆగనంటోంది.   గంగ గీత దగ్గర ఆపేసి, చెంబు కింద పెట్టింది.

తిల్లమొగ మనిషి చెంబులో నీళ్ళు మిగల్చడం అదే మొదటిసారి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా వాటివంకే చూస్తున్నారు. ఆదెమ్మ వంగి చెంబు తీసుకుంది. పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. తాగడానికి ఆమె వంతు ఇంకా రాలేదు. నీళ్ళు తొణక్కుండా రెండు చేతులా పట్టుకుని, అలాగే నిలబడిపోయింది.